రేకులు చల్లబడేదాకా

మా మరిది పోయాడని మొన్న పొద్దున బెంగళూరు నుంచి ఫోను వచ్చింది. నిద్రలోనే పోయాడట. ఫోను పెట్టేసి అరుగు మీద కూర్చున్నాను. ఈ వయసులో ఏడవడానికి కూడా ఓపిక కావాలి.

వేడిని చూసే కెమెరాలు చేసేచోట అతని ఉద్యోగం. ఆ కెమెరా లోపల విపరీతమైన చలిలో ఉంచే చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. సన్నని రేకులు దాన్ని పెద్దదీ చిన్నదీ చేస్తాయి. అతని పనంతా ఆ రేకులే. అవెందుకు చల్లగా ఉండాలని నేను నిలదీస్తే, "కంటిరెప్పే కాల్తాంటే కన్ను ఇంగేం చూస్తాది వదినా?" అన్నాడు.

మనిషీ అంతే. ఎండలోంచి వస్తే ఒక మూల కళ్లు మూసుకుని కూర్చునేవాడు. ఒళ్లు చల్లబడేదాకా ఏ తగాదాలోనూ మాట చెప్పేవాడు కాదు. పిల్లలకు అదొక వేళాకోళం.

ఒక కరువు ఏడు, రావలసినప్పుడు రాని వాన కాయ పీకాక వచ్చి మేతకు దాచుకునే వేరుశనగ కట్టెను తడిపింది. సరిగా ఆరకముందే వామి వేశారు. కొన్నాళ్లకు ఆ తడి లోలోపలే వేడెక్కి, అందులోంచి కమురు వాసన మొదలైంది. ఆ మేత పోతే కాడెద్దులు సంతకే. కరువులో వాటిని కొనేది కటికవాళ్లే. గోరంట్ల దగ్గర గుట్ట మీద కెమెరాను పరీక్షించి, మరిది ఆ సాయంత్రమే దానితో సహా జీపులో ఇంటికొచ్చాడు.

లెన్సు మార్చి, దానికి తగ్గట్టు రేకులు సర్ది, వామి వైపు తిప్పాడు. తెర మీద వామంతా తెల్లగా ఉంది. తెలుపంటే వేడి. మా మామ మొత్తం లాగేయమని మనుషులను పిలిచాడు. మరిది అడ్డం నిలిచాడు.

"ఆగు నాయనా. రేకులు ఇప్పుడే కదిలించినా, రాపిడికి కాగినాయి. ఆ వేడి వామిది కాదు, వాటిది. అంతా లాగితే గాలి తగిలి మొత్తం అంటుకుంటాది."

"నీ డబ్బా సల్లబడేలోపల ఈడ బూడిద మిగుల్తాది," అన్నాడు మామ.

అయినా ఆగాడు. అందరం ఆగాం. నాకు కాళ్లు పీకుతున్నాయి. తెర మీది తెలుపు మెల్లగా విడిపోయి, చివరికి పడమటి మూలన, గుమ్మడికాయంత మిగిలింది. ఆ మూల మాత్రమే కోసి లాగారు. గాలి తగలగానే భగ్గుమంది; తడిగోనెలతో అణిచారు. మిగతా వామి నిలిచింది.

"ఇంగ ఎత్తిపెట్టుకో నీ డబ్బా," అన్నాడు మామ. అంతకుమించి మెచ్చుకోవడం ఆయనకు రాదు.

పెద్దకర్మకు వెళ్లాలి. ఆ బస్సు ప్రయాణం తలుచుకుంటేనే అలసట. కళ్లు మూసుకుంటే మాత్రం ఆ సాయంత్రమే కనిపిస్తోంది. మరిది నన్ను పిలిచి తెర చూపించాడు. చల్లారి నల్లబడిన వామి ముందు రెండు ఎద్దులు పాలలా తెల్లగా, తలలు వంచి మేస్తున్నాయి.