చేతిలో కండె ఉన్నోన్ని కొట్టద్దు

మా చిన్నప్పుడు... పొద్దుగూకే యాళ్ళకు మా వాడలో రెండు జట్లు తయారయ్యేవి. మా గల్లిది ఒకటి, పై గల్లిది ఒకటి. కొట్లాట ఎప్పుడూ ఒక్క జాగ కోసమే... పొద్దున పెద్దోళ్ళు పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే పొడుగు నూలు, సాపే జాగ. సాయంత్రం ఎవరు ముందు పట్టుకుంటే వాళ్ళది.

మాది సిద్దిపేటలో మగ్గాల వాడ. బాపు బొంబాయి దిక్కు భీవండికి మగ్గాల పనికి పోయేటోడు. అవ్వ, అంటే మా అమ్మ, ఇంట్లో రాట్నం ముందు కూర్చొని కండెలు చుట్టేది. కండె అంటే నూలు చుట్టిన చిన్న పుల్ల... నేసేటప్పుడు పడుగు నడుమ అటూ ఇటూ ఉరికే నాడెలో పెడ్తరు.

మా జట్టుకు నేనే పెద్ద. మా తమ్ముడు మల్లేశం ఆరేండ్లోడు... ఆటలో అరటిపండు. ఉరకరాదు, ఎవరినీ పట్టుకోరాదు. అందుకని వాన్ని రాయబారిని చేసినం. చేతికి తెల్ల నూలు కండె ఇచ్చి పై గల్లికి పంపేటోళ్ళం. రూలు నేనే పెట్టిన... "చేతిల కండె ఉన్నోన్ని ఎవ్వరు కొట్టద్దు." పై గల్లి జట్టుకు పెద్ద లక్ష్మి... ఆమె కూడా ఒప్పుకుంది.

వాడు కండెను రెండు చేతులతో పట్టుకొని గొప్పగా నడిచేటోడు... లాగు జారిపోతున్నా ఒక చెయ్యి తీసేటోడు కాదు. అవ్వ రాట్నం ఆపి నవ్వేది. "మా రాయబారి పోతుండు, తొవ్వ ఇడువున్రి" అనేది.

ఒకనాడు వాడు పై గల్లి నుంచి తిరిగొచ్చి, ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పిండు.

"జాగ ఇయ్యరట అక్కా. మీ బాపు భీవండిల ఇంకో ఇల్లు పెట్టిండట, ఇగ రాడట... మీ అక్కకు చెప్పుపో అన్నది లక్ష్మక్క."

బాపు ఇంటికొచ్చి అప్పటికి ఏడాది దాటింది...

వాని చెంప మీద కొట్టిన. కండె దుమ్ములో పడ్డది. నూలు ఊడి అంత దూరం పోయింది.

వాడు ఏడ్వలే. చెంప పట్టుకొని నన్నే చూసిండు. "నా మాట కాదక్కా గది... వాళ్ళ మాట." వంగి, ఆ దుమ్ము నూలును మళ్ళా చుట్టుకుంట కూసున్నడు.

అవ్వ చూసింది. గట్టిగ తిట్టలే. "కబురు తెచ్చినోన్ని కొడ్తే, రేపు నీకు కబురెవరు తెస్తరే పిచ్చిదానా?" అన్నది.

బాపు ఆ దసరాకు వచ్చిండు. అందరూ ఆ సంగతి మరిచిపోయిన్రు... నేను తప్ప.

మల్లేశం చదువుకున్నడు. సర్కారు పరీక్ష రాసి ఢిల్లీలో కొలువు తెచ్చుకున్నడు. కొన్నేండ్లకు బయటి దేశంలో మన రాయబార కార్యాలయానికి వేసిన్రు. ఆ దేశం పేరు రాయను... అక్కడి మనుషులు మంచోళ్ళని వాడే చెప్పేటోడు. కిటికీ దగ్గర కూర్చొని, మన దేశం వచ్చేటోళ్ళ వీసా కాగితాలు తీసుకునుడు వాని పని. శానామంది మన దవాఖానలకు వచ్చేటోళ్ళేనట.

పోయే ముందు అవ్వ వద్దన్నది. "గాడ బాంబులు పేలుతయంట. నీకు గా దేశమే దొరికిందార?"

వాడు నవ్వి నా దిక్కు చూసిండు. "రాయబారి ఇల్లవ్వా అది. కండె పట్టుకున్నోన్ని ఎవడన్న కొడ్తడా? అక్కనడుగు."

నేను కొట్టిన కదా తమ్మీ... ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగిన. "ఎవ్వరు కొట్టరవ్వా, పోనియ్యి" అన్న.

ఏడాది తిరగలే. ఒక పొద్దున పూజకు పూలు తెంపుతుంటే ఫోన్ వచ్చింది. ఢిల్లీ నుంచి ఒక ఆడపిల్ల గొంతు. హిందీలో మొదలుపెట్టి ఆగిపోయింది... మళ్ళా మొదలుపెట్టి మళ్ళా ఆగింది.

"చెప్పు బేటీ, నిన్నేమనను" అన్న.

చెప్పింది. గేటు ముందర బండి పేలిందట. మా తమ్ముడు, కావలోళ్ళు, వరుసలో నిలబడ్డ ఆ దేశపోళ్ళు... ఎందరో.

ఆ కబురు అవ్వకు నేనే మోసుకపోయిన. మా ఇంటి నుంచి అవ్వ ఇంటికి మూడు గల్లీల దూరం. చేతిలో పూలబుట్ట అట్లనే ఉన్నది... చూసుకోలే.

అవ్వ విన్నది. "కొట్టరంటివి గదనే... ఎవ్వరు కొట్టరని నువ్వే అంటివి గదనే" అని నా భుజాల మీద రెండు చేతులతో కొట్టింది. నేను ఆపలే. నా మాట కాదవ్వా అందామనుకున్న... కానీ కొట్టరన్నది నా మాటే.

ఇప్పుడు అవ్వ కూడా లేదు. ఏటా ఆ రోజున దీపం ముందు తెల్ల నూలు కండె పెడ్తా. మొదలు తమ్ముని పేరు చెప్పుకుంటా. తర్వాతోళ్ళ పేర్లు నాకు తెల్వవు... కిటికీ ఇవతల కూర్చున్నోళ్ళు, అవతల కాగితం పట్టుకొని నిలబడ్డోళ్ళు, గేటు కాసినోళ్ళు. బిడ్డ గుండె ఆపరేషన్ కోసం ఒక తల్లి కూడా ఆ వరుసలో ఉన్నదట... తమ్మునితో పనిచేసినాయన ఇంటికొచ్చి చెప్పిండు. ఆ తల్లికి ఇంకో వత్తి. ఏ దేశంలో, ఎవరి రాయబారి ఇంట్లో ఇట్ల పోయినోళ్ళకైనా ఆ దీపమే... దేవునికి తెలుసు అందరి పేర్లు.

మా వాడలో ఇప్పుడు మగ్గం చప్పుడు లేదు. పడుగు సాపిన జాగలో కార్లు నిలబెడ్తున్నరు. అవ్వ చుట్టిన కండె ఒక్కటే మిగిలింది. నూలు వదులైతే మళ్ళా చుట్టి పెడ్తా.

మీ ఆటల్లో కూడా ఎవరో ఒకర్ని కొట్టద్దని ఉండే ఉంటది. గుర్తుంటే కింద రాయండి... మా ఇంట్లో పిల్లలకు చదివి వినిపిస్తా. మాకు చిన్నప్పుడే తెలిసిన రూలు అది. మా వాడలో ఒక్కసారే తప్పింది...

తప్పింది నేనే. తమ్మున్ని మాఫీ అడగనే లేదు.