కొంగు చెప్పిన గాలి

దయ్యాలంటే నవ్వేవాడిని నేను. పెనుకొండ చుట్టుపక్కల ఇరవై ఏళ్లుగా పెళ్లి ఫోటోలు తీస్తున్నాను. అర్ధరాత్రి ముహూర్తాలయ్యాక శ్మశానాల పక్కనుంచే బండి మీద ఒక్కడినే వచ్చేవాడిని. నన్ను భయపెట్టినవాళ్లంటూ ఉంటే పెళ్లికొడుకుల మేనమామలే.

డ్రోన్ కొన్నాక ఒక పిచ్చి పట్టింది. పొద్దుగూకాక కొండ కింది హైవేని పైనుంచి, నాలుగు సెకన్లు షట్టర్ తెరిచి ఉంచి తీస్తే, లారీల దీపాలు ఎర్రటి దారాల్లా వస్తాయి. చిక్కంతా గాలితోనే. ఆ కాసేపట్లో డ్రోన్ రవ్వంత ఊగినా ఫోటో మొత్తం అలికినట్టవుతుంది.

నా భార్య సుజాత కూడా కొండెక్కేది. బండ మీద కూర్చుని కొంగు చివర పైకెత్తి పట్టుకునేది. అది ఊగకుండా వేలాడితే, "గాలి పండుకునింది, ఇంగ తియ్యి" అనేది. రిమోట్ పట్టుకుని నేను అటూ ఇటూ తిరుగుతుంటే కసిరేది. "రోంతసేపు ఒక్క తావన కూచోలేవా నువ్వు? ఫోటోలో పొగ మాదిరి పడతాండావు."

పోయినేడు జ్వరమని ఆసుపత్రికి తీసుకుపోతే తిరిగి రాలేదు. ఇప్పటికీ అలవాటు కొద్దీ రెండు గ్లాసుల టీ పెడతాను. రెండోదీ నేనే తాగుతాను.

మొన్న మాఘమాసంలో ఒక సాయంత్రం ఒక్కడినే ఎక్కాను. హైవేతో పాటు నేనున్న బండ కూడా పడేట్టు డ్రోన్ నిలబెట్టాను. ఒకటే గాలి. తీసిందల్లా పాడైంది. కోపమొచ్చింది. గాలి మీద కాదు, ఆమె మీద. "ఇప్పుడెవరు చెప్తారే నాకు?" అని అరిచేశాను. ఆ బండ మీద వినేవాళ్లెవరు?

కాసేపటికి గాలి ఆగింది. బటన్ నొక్కాను. మళ్లీ గాలి మొదలైంది.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూశాను. దీపాల దారాలు తెగకుండా వచ్చాయి. బండ అంచున పొగలాగా నేను. నాకు కొంచెం అవతల, ఆమె ఎప్పుడూ కూర్చునే చోట, ఒక మనిషి కూర్చుని ఉంది. చీర అంచు కూడా స్పష్టంగా ఉంది.

ముందు ఫోటోలో లేదు. తర్వాత ఫోటోలోనూ లేదు. బండ మీదికి ఉన్నది ఒకటే దారి, నన్ను దాటకుండా ఎవరూ అక్కడికి రాలేరు. తెల్లారి వెళ్లి చూస్తే అక్కడ గుడ్డపీలిక కూడా లేదు.

నా కళ్లను నమ్మలేక హిందూపురంలో ఆల్బమ్‌లు ప్రింటు చేసే ఆయన దగ్గరికి పట్టుకుపోయాను. సుజాతను ఆయన ఎన్నడూ చూడలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. పెద్దది చేసి చూసి అడిగాడు. "ఈయమ్మ ఎవురప్పా? కొంగు అట్ల ఎత్తి పట్టుకోనుండాది?"

బయటికొచ్చి బస్టాండులో కూర్చుని ఏడ్చాను.

అది ఏమిటో నాకు తెలియదు. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. కానీ ఇంకొక్కసారి కనబడితే చాలని వీలైనప్పుడల్లా కొండెక్కుతున్నాను. అటూ ఇటూ తిరగడం మానేశాను. ఆమె కూర్చునే చోటు వదిలిపెట్టి, పక్కన కదలకుండా కూర్చుంటాను. గాలి ఆగినప్పుడు తీస్తాను.

ఇప్పుడు ఫోటోలన్నింటిలో నేను చాలా స్పష్టంగా వస్తున్నాను. నేనొక్కడినే.