పైన స్నో ఉంటుందట

అమెరికాలో, రెడ్‌మండ్‌లో మేమున్న రోజుల్లో మా ఆయన ఆఫీసు స్నేహితుడొకాయన ఉండేవాడు. కృష్ణా జిల్లా మనిషి. నవంబరు వచ్చిందంటే చాలు, ఊరికి దగ్గరి కొండల మీద మంచు తానే కురిపిస్తున్నట్టు మాట్లాడేవాడు. అక్కడి స్కీ రిసార్ట్ వెబ్‌సైట్‌లో సీజన్‌కి సగటున ఎంత మంచు పడుతుందో, కొండ పైన ఎంత, కింద ఎంత, అన్నీ నోటికి వచ్చు. భోజనాల దగ్గర కూడా అదే సంగతి. నాకైతే ఆ సగటు మీద మొదటినుంచీ నమ్మకం లేదు. నేనక్కడున్నన్నాళ్లలో సగటు మంచు పడ్డ ఏడాది ఒక్కటీ చూడలేదు.

అక్కడి చలికాలం అసలు రంగు వేరు. నవంబరంతా వాన. డిసెంబరులో బరువైన తడి మంచు పడుతుంది, జనం కార్ల మీద మంచులో జారే పలకలు, అదే స్కీలు, కట్టుకుని పరుగెత్తుతారు. జనవరిలో సముద్రం మీదనుంచి వెచ్చటి గాలి వచ్చి, ఆ మంచు మీదే రాత్రింబవళ్లు వాన కురుస్తుంది. మిగిలింది ఫిబ్రవరిలో గడ్డకట్టి అద్దంలా తయారవుతుంది. వెబ్‌సైట్ భాషలో దీన్నంతటినీ కలిపి 'వేరియబుల్ కండిషన్స్' అంటారు. బురదకు ఇంత మర్యాదైన పేరు పెట్టడం వ్యాపారం తెలిసినవాళ్లకే చేతనవుతుంది.

మంచు సరిగ్గా పడని ఒక ఏడాది, జనవరిలో ఆయన మా రెండు కుటుంబాలకూ ట్రిప్ బుక్ చేశాడు. కనుమ రోడ్డెక్కేసరికే అద్దం మీద వైపర్లు ఆగకుండా కొట్టుకుంటున్నాయి.

"అన్నా, ఇది వాన కదా?" అన్నాను వెనక సీట్లోంచి.

"వాన కాదమ్మా, వెట్ స్నో. పైన అంతా పౌడరే, పొడిపొడి మంచు."

కొండ కింద గోధుమరంగు గడ్డి మధ్య తెల్లటి పట్టీ ఒకటి పరిచినట్టుంది. దాని మీద ఎర్ర జాకెట్లు వేసుకున్న పిల్లలు జారుతున్నారు. మా ఆయన బుద్ధిగా అక్కడే పాఠానికి చేరాడు. స్నేహితుడు మాత్రం, "అది పిల్లలకి. అసలు స్నో పైన ఉంటుంది," అన్నాడు. ఆయన భార్య థర్మాస్ మూత తిప్పుతూ, "మీరు పోయి చూసి రండి. మేం కిందే ఉంటాం," అంది. అంతకుముందు రెండు చలికాలాలు మా ఆఫీసువాళ్లతో వెళ్లి కాస్త నేర్చుకున్నాను కాబట్టి, ఆ పౌడరేదో చూద్దామని నేనూ ఆయనతోపాటు తీగకు వేలాడే కుర్చీలో, చెయిర్‌లిఫ్ట్, ఎక్కాను.

సగం దారిలో గాలి మొదలైంది. కుర్చీ ఊగి, టక్కున ఆగింది. కింద పొగమంచు, పైన వాన. పక్కన ఆయన ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"అన్నా, ఎప్పుడన్నా వచ్చినవా ఇంత పైకి?"

"కింద లాడ్జ్ దాకా వచ్చానమ్మా."

"మరి స్కీ?"

"వీడియోలు చూశాను."

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "మరి మాకింత క్లాస్ పీకినవ్ కదనే!" అన్నాను.

లిఫ్ట్ కదిలి పైకి చేరాక, దిగబోయి దిగీ దిగకముందే కూలబడ్డాడు. అక్కడి పనివాడు లిఫ్ట్ ఆపి, లేవదీసి, ఏమీ అడక్కుండా కిందికి పోయే కుర్చీలో కూర్చోబెట్టాడు. పౌడర్ సంగతి చెప్పాలంటే, తడిసిన బియ్యప్పిండి నయం. స్కీలు అందులో దిగబడిపోతున్నాయి. మధ్య మధ్య రాళ్లు తేలి ఉన్నాయి. సగం జారి, సగం నడిచి, ఒకచోట స్కీలు విప్పి భుజాన వేసుకుని దిగాను. చేతి తొడుగులు పిండితే నీళ్లు కారాయి.

లాడ్జ్‌లోకి అడుగు పెట్టేసరికి ఆయన నెగడు ముందు కూర్చుని, హాట్ చాక్లెట్ కప్పు పట్టుకుని, మా ఆయనకి చెబుతున్నాడు: "పైన విజిబిలిటీ జీరో. ఎక్స్‌పర్ట్సే దిగిపోతున్నారు. సేఫ్టీ ముఖ్యం కదా."

ఆయన భార్య నా తడిసిన జుట్టు వంక చూసింది. "నిజమేనా?"

"దిగుడు నిజమే వదినా. కుర్చీల కూసొని దిగిండు."

ముందు ఆవిడే నవ్వింది. తర్వాత మా ఆయన. స్నేహితుడు మాత్రం కప్పులోకి చూస్తూ, ఈ సీజనే బాగాలేదన్నాడు. తిరుగు ప్రయాణంలో కారులో ఎవరూ మంచు మాట ఎత్తలేదు. ఆవిడ పులిహోర డబ్బా తెరిచి అందరికీ పంచింది.

ఆ మనిషి మారాడనుకుంటే పొరపాటే. తర్వాతి నవంబరులో, ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్లకి ఈమెయిల్ పెట్టాడు: ఈసారి సగటు కంటే ఎక్కువ పడుతుందట, పైన అంతా పౌడరేనట. మా ఆయన నాకు చదివి వినిపించి, "పోదామా?" అన్నాడు. "నువ్వు పో," అని చెప్పి, జనవరిలో ఒక శనివారం పొద్దున నేను మా ఆఫీసువాళ్ల బస్సెక్కాను. ఆ రోజూ వానే. కింది కొండ మీదే, పిల్లల మధ్య, సాయంత్రం దాకా జారాను.