పెట్రోలు పాసిపోతుందా?

సూర్యం ఉద్యోగమంతా గాలిలోనే గడిచింది. ఉక్కు కార్ఖానాలో అతను ఓవర్‌హెడ్ క్రేన్ నడిపేవాడు. షెడ్డు కప్పు కింద అంత ఎత్తున, చిన్న అద్దాల గదిలో కూర్చుని, ఎర్రగా కాలిన ఇనప దిమ్మల్ని ఒకచోట ఎత్తి ఇంకోచోట దించేవాడు. అక్కడ మాట్లాడ్డానికి మనిషి దొరకడు. అందుకని క్రేన్‌తోనే మాట్లాడేవాడు. "పదమ్మా", "నెమ్మది తల్లీ", "ఏటే, మొరాయిత్తన్నావు?" అంటూ షిఫ్టంతా కబుర్లే. కింద పనిచేసే బిహారీ కుర్రాళ్ళు "ఊపర్‌వాలా ఫిర్ శురూ హో గయా" అని నవ్వుకునేవారు. పైవాడు మళ్ళీ మొదలెట్టాడని వాళ్ళ వేళాకోళం. సూర్యం మాత్రం తనని దేవుడితో పోలుస్తున్నారనుకుని పొంగిపోయేవాడు.

రిటైరయ్యాక కొన్నాళ్ళు మిక్సీతో మాట్లాడి చూశాడు. జోగమ్మ అతన్ని వంటింట్లోకి రానివ్వడం మానేసింది.

వాళ్ళిల్లు నది అవతల, మాంగో అనే పేటలో. కూతురు త్రివేణిని నదికి ఇవతల, కార్ఖానా వైపున్న కాసిడీహ్‌లో ఇచ్చారు. అల్లుడు హరికిరణ్ మంచివాడు, ఏం అడిగినా హిందీలో జవాబు చెబుతాడు. హరికిరణ్ తండ్రి పోలయ్యతోనే వచ్చింది చిక్కంతా. పోలయ్య రైల్వేలో చేశాడు. గూడ్సు బండి ఆగగానే సుత్తి పుచ్చుకుని ఒక్కో చక్రాన్నీ కొట్టి, మోత విని, ఏ చక్రం పగిలిందో చెప్పడం అతని పని. అలా ఒక వియ్యంకుడు లోకాన్ని పైనుంచి చూసినవాడు, ఇంకో వియ్యంకుడు కిందనుంచి విన్నవాడు. ఇద్దరికీ ఏ విషయంలోనూ పొత్తు కుదిరేది కాదు.

కాసిడీహ్‌లో కరెంటు పోదు. మాంగోలో పోతుంది. పోలయ్య మాంగో వచ్చినప్పుడల్లా ఈ సంగతి ఎత్తకుండా మంచినీళ్ళు కూడా తాగేవాడు కాదు. మనవరాలి పుట్టినరోజున, నలుగురి మధ్యా అననే అన్నాడు.

"మీ మాంగోకి కరెంటు సుట్టపుసూపుగా వత్తాది కదా బావా! కూకోమన్నా కూకోకుండా ఎలిపోతాది."

అందరూ నవ్వారు. జోగమ్మ కూడా నవ్వింది. సూర్యానికి అదే ఎక్కువ గుచ్చుకుంది. మర్నాడే సాక్చీ బజారుకెళ్ళి జనరేటరు కొనుక్కొచ్చాడు. తాడు లాగితే అంటుకునే చిన్న పెట్రోలు జనరేటరు. దాన్ని పెరట్లో రేకు కింద పెట్టించి, ఎలక్ట్రీషియన్ చేత వంటింటి గోడకి పెద్ద స్విచ్ వేయించాడు. మీట పైకి ఉంటే వీధి కరెంటు, కిందకి దించితే జనరేటరు కరెంటు. టాంకీ నిండా పెట్రోలు పోసి, కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, దానికి 'బంగారి' అని పేరు పెట్టాడు. జోగమ్మ పాత పరదా చింపి ముసుగు కుట్టింది. గులాబీపూల పరదా అది.

షాపువాడు వారానికొకసారి కాసేపు నడపమని మరీమరీ చెప్పాడు. "మిషన్ని ఎలా సూసుకోవాలో నాకు సెప్తాడా ఈడు?" అని సూర్యం ఆ మాట అక్కడే వదిలేశాడు. పైగా బంగారి మొదటిసారి మోగితే పోలయ్య చెవిన పడేలాగే మోగాలని అతని పట్టుదల.

కానీ ఏం జరిగిందో ఏమో, వీధిలో కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. కరెంటు పోవడం మానేసింది. ఎప్పుడైనా పోయినా, సూర్యం ముసుగు ముడులు విప్పేలోపే వచ్చేసేది. సాయంత్రాలు వీధి గుమ్మంలో నిలబడి, తీగల వంక ఆశగా చూసేవాడు.

"ఊళ్ళో అందరూ కరెంటుండాలని మొక్కుకుంటారు. నువ్వేటి మనిషివి?" అని జోగమ్మ తిట్టేది.

అలా వానాకాలం పోయింది, చలికాలం పోయింది. వేసవి వచ్చింది. ఇక ఆగలేక ఒక ఆదివారం సూర్యం వియ్యంకుణ్ణి భోజనానికి పిలిచాడు. కూతురూ అల్లుడూ మోటారుసైకిలు మీద, పోలయ్య తన పాత స్కూటరు మీద వచ్చారు. మనవరాలు డ్రాయింగు క్లాసుంటే రాలేదు. జోగమ్మ చేపల పులుసు పెట్టింది. అందరూ ఫ్యాను కింద కబుర్లలో ఉంటే, సూర్యం ఫ్యాను వంకే చూస్తున్నాడు.

"ఏటి బావా, ఫ్యాన్నలగ సూత్తన్నావు? బూజేటైనా ఉందా?" అన్నాడు పోలయ్య.

"ఏటీ లేదు, ఏటీ లేదు. నువ్వు తిను."

పోలయ్య మొదటి ముద్ద కలిపాడు. ఫ్యాను కాస్త నెమ్మదించింది. ఇంకాస్త బద్ధకించింది. ఆగిపోయింది.

"పోనాది!" సూర్యం కంచం ముందునుంచి ఎగిరి లేచాడు. "జోగీ! పోనాదే! పోనాది!"

పోలయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అయ్యో! ఎవులు బావా? మంచాన పడ్డ మీ సీపురుపల్లి అప్పా?"

"కరెంటు బావా! కరెంటు!"

"ఓరి నీ... కరెంటు పోతే ఎవులైనా గెంతుతారా?"

ఆ మాట వినడానికి సూర్యం అక్కడ లేడు. ఎంగిలి చేత్తోనే పెరట్లోకి పరిగెత్తాడు. ఏం జరుగుతోందో చూద్దామని అందరూ వెనకాలే వెళ్ళారు. సూర్యం గులాబీపూల ముసుగు తీసి, పెళ్ళికూతుర్ని చూపించినట్టు చేయి చాపి, "ఇదిగో" అన్నాడు. తాడు పట్టుకుని లాగాడు.

గుర్ర్ మంది. ఊరుకుంది.

మళ్ళీ లాగాడు. గుర్ర్. ఊరుకుంది.

"లే తల్లీ. సుట్టాలొచ్చారు. పరువు తియ్యకు," అని దాని చెవిలో చెప్పినట్టు చెప్పి మళ్ళీ లాగాడు. చొక్కా తడిసింది, విప్పేశాడు. బనీను తడిసింది, దాన్ని విప్పబోతే త్రివేణి "నాన్నా!" అంది. ఊరుకున్నాడు.

హరికిరణ్ వంగి చూశాడు. "మావయ్యా, పెహ్‌లే స్విచ్ తో ఆన్ కీజియే." ముందు స్విచ్ వెయ్యమంటున్నాడు. బంగారి పక్కన ఎర్ర స్విచ్ ఒకటుంది, అది ఆపేసే ఉంది.

"నాకు తెల్దేటి? ముందు తాడు సాగదీత్తన్నాను," అని సూర్యం స్విచ్ వేసి మళ్ళీ లాగాడు. గుర్ర్. ఊరుకుంది.

అంతవరకూ నవ్వు ఆపుకుంటున్న పోలయ్య ఇక ఉండలేక లుంగీ ఎగ్గట్టి ముందుకొచ్చాడు. "లెగు బావా. సుత్తుందా?"

సుత్తి లేదు. జోగమ్మ అట్లకాడ ఇచ్చింది. పోలయ్య బంగారి చుట్టూ తిరుగుతూ అట్లకాడతో కొట్టడం, చెవి ఆనించడం, కళ్ళు మూసుకోవడం మొదలెట్టాడు. సూర్యానికి తన కూతుర్నే కొడుతున్నట్టుగా ఉంది.

"కింద ఖంగుమంటంది. పైన దబ్బుమంటంది," అన్నాడు పోలయ్య గంభీరంగా.

"పైనున్నాది టాంకీ బావా. దాన్నిండా పెట్రోలుంది."

"నేనూ అదే సెప్తన్నాను. పెట్రోలుంది."

తర్వాత చోక్ మీట దగ్గర తగువు వచ్చింది. అటు తొయ్యాలని ఒకరు, ఇటు తొయ్యాలని ఇంకొకరు. ఇద్దరూ చెరోవైపూ పట్టుకుని లాగితే మీట మధ్యలో ఇరుక్కుంది. హరికిరణ్ వచ్చి దాన్ని సరైన చోట పెట్టి వెళ్ళాడు. అయినా బంగారి లేవలేదు.

ఇక ప్లగ్గు చూడాల్సిందే. పోలయ్య తన స్కూటరు డిక్కీలోంచి పానా తెచ్చి ప్లగ్గు విప్పాడు. తడిగా ఉంది. లుంగీ అంచుతో తుడిచి, ఎండలో పెట్టి, నిప్పురవ్వ వస్తోందో లేదో చూడాలన్నాడు. ప్లగ్గుకి తీగ తగిలించి, ఇంజను ఒంటికి ఆనించి పట్టుకుంటే, ఇంకొకరు తాడు లాగాలి. పోలయ్య పట్టుకున్నాడు. కాకపోతే పట్టుకోకూడని చోట పట్టుకున్నాడు. సూర్యం బలమంతా పెట్టి లాగాడు.

పోలయ్య "అమ్మోయ్!" అని గంతేసి తులసికోట పక్కన పడ్డాడు.

"కరెంటు! కరెంటుంది బాబోయ్!"

సూర్యం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. అతని ముఖంలో అంత వెలుగు పెళ్ళినాడు కూడా చూడలేదని జోగమ్మ తర్వాత చెప్పింది.

"మాంగోలో కరెంటుండదన్నావు కదా బావా. ఇప్పుడేటంటావు?"

పోలయ్య వేళ్ళు ఊదుకుంటూ లేచాడు. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. అతను నవ్వడం చూసి సూర్యం నవ్వాడు. కాసేపు ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుతోనే పంతం కొంచెం మెత్తబడింది. ఇద్దరూ మట్టిలో చతికిలబడి ఆలోచన మొదలెట్టారు.

"రవ్వ వత్తంది. పెట్రోలు లోపలికి ఎల్తంది, ప్లగ్గు తడిసింది కదా. గాలి ఫిల్టరు శుభ్రంగుంది. మరింకేటి మిగిలినాది?" అని పోలయ్య గెడ్డం గోక్కున్నాడు. ఉన్నట్టుండి అడిగాడు. "బావా, ఈ పెట్రోలు ఎప్పుడు పోశావు?"

"కొన్నప్పుడు."

"అప్పట్నుంచీ ఒక్కసారైనా నడిపావా?"

సూర్యం ఆకాశం వంక చూశాడు.

"అయితే ఇంకేటి, పాసిపోనాది."

"పెట్రోలేటైనా పప్పుసారేటి, పాసిపోడానికి?"

"లాక్‌డౌన్లో నా స్కూటరు కదలకుండా ఉంటే ఇలగే అయినాది బావా. పెట్రోలు సచ్చి జిగురైపోతాది."

సూర్యం ఒప్పుకోలేదు. చివరికి పరీక్ష పెట్టుకున్నారు. పోలయ్య స్కూటర్లోంచి గొట్టంతో తీసిన పెట్రోలు ఒక గాజు గ్లాసులో, బంగారి టాంకీలోది ఇంకో గాజు గ్లాసులో పోసి, పెరటి గట్టు మీద పక్కపక్కన పెట్టారు. ఒకటి లేతగా ఉంది. రెండోది చిక్కటి డికాక్షన్ రంగులో ఉంది. ఎండలో తిరిగి దాహంతో వచ్చిన హరికిరణ్, అత్తగారు బ్లాక్ టీ పెట్టిందనుకుని ఆ రెండో గ్లాసు అందుకున్నాడు.

"ఒరే ఒరే ఒరే!" ఇద్దరు ముసలివాళ్ళూ ఒక్కసారే అతని మీద పడ్డారు. గ్లాసు దక్కింది. అల్లుడు దక్కాడు.

"అవి నా టీ గ్లాసులా?" అని లోపలనుంచి జోగమ్మ గొంతు వినిపించింది. ఇద్దరూ గ్లాసులకి అడ్డంగా జరిగారు.

సూర్యం రెండు గ్లాసులూ వాసన చూశాడు. కొత్తదానికి ముక్కు అదిరింది. పాతది గోడలకేసే రంగులాగా కంపు కొట్టింది. అతను గ్లాసు కింద పెట్టి, నెమ్మదిగా బంగారి వైపు తిరిగాడు. దాని టాంకీ నిమిరాడు.

"తల్లీ, ఇన్నాళ్ళూ నీకు పాసిపోయిన కూడెట్టాను. నీదేటీ తప్పు లేదు."

పోలయ్య ఎందుకో కళ్ళు తుడుచుకున్నాడు. పెట్రోలు ఘాటుకేమో.

టాంకీలోదంతా పాత డబ్బాలోకి వంపేశారు. కార్బొరేటరు అడుగున మర విప్పితే తుమ్మ జిగురులాంటిది కారింది. స్కూటరు పెట్రోలుతో దాన్ని కడిగారు, మర బిగించారు, మిగిలిన పెట్రోలంతా బంగారికి పోశారు. ఇద్దరి చేతులూ మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. అప్పుడే త్రివేణి గుమ్మంలోకి వచ్చింది.

"నాన్నా, మావయ్య గారూ, కరెంటొచ్చేసి చాలాసేపయింది. రండి, అన్నం చల్లారిపోతోంది."

"రానీ," అన్నాడు పోలయ్య తల తిప్పకుండా. "ఎవులు పిలిచారు దాన్ని?"

ఈసారి ఇద్దరూ కలిసి తాడు పట్టుకున్నారు. లాగారు. బంగారి దగ్గింది, నల్లగా ఇంత పొగ వదిలింది, ఇంకోసారి దగ్గింది, తర్వాత డబడబడబడబమని మొదలెట్టింది. రేకు అదిరింది. పక్కింటి పావురాలు లేచిపోయాయి. వియ్యంకులిద్దరూ కావలించుకున్నారు. సూర్యం బనీనూ పోలయ్య చొక్కా ఒకే రంగయ్యాయి.

సూర్యం పరుగున వెళ్ళి వంటింటి గోడ మీది మీటని కిందకి దించాడు. చక్కగా తిరుగుతున్న ఫ్యాను ఒక్క క్షణం తగ్గి మళ్ళీ తిరిగింది.

"ఉన్న కరెంటు ఆపేశావేటి?" అంది జోగమ్మ నెత్తిన చేతులు పెట్టుకుని.

"అది ఊరందరి కరెంటు. ఇది మన కరెంటు!" అని అరిచాడు సూర్యం. అరవకపోతే ఆ మోతలో వినిపించదు.

ఇద్దరూ చేతులు కడుక్కుని చల్లారిన పులుసు ముందు కూర్చున్నారు. పోలయ్య ముఖం పైకెత్తి గాలి పీల్చాడు.

"గాలి వేరేగా ఉంది బావా!"

"ఏటి?"

"గాలి!"

"పులుసా? ఇంకొంచెం ఎయ్యవే జోగీ!"

త్రివేణి చెవుల్లో వేళ్ళు పెట్టుకుని నవ్వుతూ వీధి వరండాలోకి పోయింది.

బంగారి నోరు మూసే దాకా పోలయ్య కదల్లేదు. పెట్రోలంతా అయ్యాకే లేచాడు. అప్పుడు తెలిసింది, స్కూటర్లో చుక్క లేదని. కొడుకు మోటారుసైకిలు మీద దింపుతానన్నా ఒప్పుకోలేదు. సాయంత్రం ఎండ తగ్గాక, మాంగో వీధిలోంచి ఇద్దరు పెద్దమనుషులు స్కూటరు తోసుకుంటూ పెట్రోలు బంకుకి వెళ్ళడం అందరూ చూశారు. ఒకరు హ్యాండిలు పట్టుకున్నారు, ఇంకొకరు వెనకనుంచి తోస్తున్నారు. ఇద్దరూ ఇంకా అరుచుకుంటూనే మాట్లాడుకుంటున్నారు. చెవులింకా తేరుకోలేదు.

ఆ తర్వాత ఆదివారమొస్తే చాలు, పెట్రోలు పాసిపోకుండా బంగారిని నడపాలని పోలయ్య సీసాతో తాజా పెట్రోలు పట్టుకుని దిగేవాడు. మీట కిందకి దించి, ఇద్దరూ ఫ్యాను కింద కూర్చునేవారు. ఆ వేళకి జోగమ్మ సంచీ పుచ్చుకుని బజారుకి పోయేది.

ఒకరోజు పొద్దున్నే త్రివేణి ఫోన్ చేసింది.

"నాన్నా, మీరొచ్చి మావయ్య గారికి కాస్త చెప్పండి. నిన్నట్నుంచీ మెయిన్ స్విచ్ ఆపేసి కూర్చున్నారు. ఫ్రిజ్‌లో పాలు విరిగిపోయాయి. అడిగితే, 'సూశావా, కాసిడీహ్‌లో కూడా కరెంటు పోతంది, మనకీ ఒకటి కావాలి' అంటున్నారు."

సూర్యం ఫోన్ పెట్టేసి చొక్కా తొడుక్కున్నాడు. చెప్పడానికి కాదు. ఏ కంపెనీ జనరేటరు కొనాలో పోలయ్యకి తెలీదు కదా.