పీట లేని ఫోర్క్‌లిఫ్ట్

జమ్మికుంట మిల్లులో నేను లోడింగ్ చూసుకునే రోజుల్లో అక్కడ ఫోర్క్‌లిఫ్ట్ లేదు. లారీ ఎత్తుకు సరిపోయేలా కట్టిన అరుగు ఉండేది. హమాలీలు నొక్కి కట్టిన పత్తి మూటలకు, అంటే బేళ్లకు, కొక్కేలు తగిలించి దొర్లించుకుంటూ నేరుగా లారీలోకి తోసేవారు.

తర్వాత ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుకు మారాను. మొదటిరోజే అక్కడి సేటు నన్ను ఎగాదిగా చూసి, "మీ దిక్కు ఇంకా మనుషులే ఎక్కిస్తరట గదా?" అన్నాడు. ఆయన ఫోర్క్‌లిఫ్ట్ కొన్నాడు మరి! కొత్త అల్లుణ్ణి కూర్చోబెట్టినట్టు దాన్ని షెడ్డు నీడన నిలబెట్టి, నిమ్మకాయల దండ కూడా వేశాడు. లేనివల్లా చెక్క పీటలే. బేలు కింద పీట ఉంటేనే దాని ఇనుప చేతులు లోపలికి దూరతాయి. ఆ మాటే చెప్పాను.

"మిషన్ కొన్నంక మళ్ల కట్టెలెందుకయ్యా?" అన్నాడు సేటు.

అందుకని నలుగురు హమాలీలు "ఉచల్, ఉచల్" అని మరాఠీలో అరుస్తూ బేలును లేపి ఆ ఇనుప చేతుల మీద పెట్టేవారు. మిషన్ పది అడుగులు దర్జాగా నడిచేది. లారీలో ఇంకో నలుగురు బేలును లోపలికి గుంజుకునేవారు. సేటు మాత్రం వచ్చినవాళ్లందరితో, "మా తాన చెయ్యి పెట్టుడే లేదు" అని గొప్పలు పోయేవాడు.

ఒకరోజు మిషన్ చెడిపోయింది. హమాలీలు లారీకి బలమైన చెక్కలు వాలుగా ఆనించి బేళ్లను దొర్లించారు. మధ్యాహ్నానికే లారీ నిండింది.

"ఇంత జల్దీ ఎట్లయింది?" అని సేటు అనుమానంగా అడిగాడు.

ముసలి హమాలీ చెమట తుడుచుకున్నాడు.

"ఇయ్యాల మిషన్‌ను మొయ్యలే సేటూ, బేళ్లే మోసినం."