గాలివీటి తిరుపాలు కట్టిన పదం

తిరుపాలు వారంలో ఆరు రోజులు డ్రైవరు, శుక్రవారం ఒక్కరోజు కవి. ఆయన ముందు ఈ మాట అంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "కవులంటే పుస్తకాలు రాసేటోళ్లు సామీ. నేను పదాలు కట్టేటోన్ని" అనేవాడు. సంతకం పెట్టడం వచ్చు, రోడ్డు మీద బోర్డులు పోల్చుకోవడం వచ్చు, అంతకు మించి అక్షరాలతో ఆయనకు పొత్తు లేదు. పాటంతా నోట్లోనే కట్టేవాడు, స్టీరింగు మీద వేళ్లతో దరువు వేసుకుంటూ.

పుట్టింది కడప జిల్లా గాలివీడు దగ్గర. మీసాలు రాకముందే చెక్కభజన గుంపులో చేరాడు. ఆ గుంపు గురువు నాగప్పకు ఒకటే పట్టుదల. పాట ఎవరి మీద కడితే వాళ్ల పేరు, ఊరు అందులో ఉండాలి. చివరి చరణంలో కట్టినవాడి పేరూ ఊరూ పడి తీరాలి. మరిచిపోయి ముగించాడా, చేతిలోని చెక్కతోనే వీపు మీద ఒకటి తగిలేది. దెబ్బలతో వచ్చిన ఆ అలవాటు తిరుపాలును ఖతార్ దాకా వదల్లేదు.

కువైట్ యుద్ధం సద్దుమణిగాక, అల్ ఘర్రాఫాలో పనివాళ్లంతా బాబా అని పిలిచే అబూ నాసర్ అనే ఆయన ఇంట్లో హౌస్ డ్రైవరుగా దిగాడు. పిల్లల్ని స్కూల్లో దింపడం, ఇంటావిడను బజారుకు తిప్పడం, కారు కడగడం. శుక్రవారం రాగానే ఉమ్ సలాల్‌లో స్నేహితుడు రసూల్ పనిచేసే తోటకు పరుగెత్తేవాడు. తిరుపాలు గొంతు బొంగురు. అందుకని కట్టడం ఆయన వంతు, పాడటం రసూల్ వంతు. రాయచోటి, మదనపల్లె వైపు డ్రైవర్లంతా ఖర్జూరపు చెట్ల కింద చాపలు వేసుకుని కూర్చునేవారు. పాటను టేపు రికార్డరులో ఎక్కించి, సెలవు మీద ఊరికి పోయేవాళ్ల చేతిలో క్యాసెట్టు పెట్టేవారు. రాయడం రానివాళ్లకు ఆ రోజుల్లో క్యాసెట్టే ఉత్తరం.

"అన్నా, నా మీద ఒక పదం కట్టు. మా ఇంటిది ఇనాల" అంటూ దుఖాన్ ఆయిల్ క్యాంపు నుంచి కూడా మనుషులు వచ్చేవారు. తిరుపాలు కాసేపు బెట్టు చేసేవాడు, టీ తెప్పించుకునేవాడు, చివరికి కట్టేవాడు. ఊళ్లో ఎవరూ లెక్కచేయని మనిషి చుట్టూ ఇక్కడ ఇంతమంది చేరడం, చెప్పొద్దూ, కొంచెం తలకెక్కింది కూడా.

అబూ నాసర్ ఇంట్లోనే వంటా, ఇంటిపనీ చేసేది హసీనా. రాయచోటి పిల్ల. నాలుగేళ్లయినా ఒక్కసారి కూడా ఆమెను ఇంటికి పంపలేదు. ఖతార్‌లో యజమాని సంతకం లేనిదే దేశం దాటనివ్వరు. అడిగినప్పుడల్లా "రంజాన్ తర్వాత చూద్దాం" అనేవాడు అబూ నాసర్. ఏ రంజానో చెప్పేవాడు కాదు.

ఊళ్లో ఆమె తల్లి షమ్సున్నీసాకు చూపు పోతోంది. డాక్టర్లు చేతులెత్తేశారు. ఒక క్యాసెట్టులో "గడప కాడికొచ్చిన మనిషి కనపడతాండాడే" అని చెప్పిన తల్లి, తర్వాతి క్యాసెట్టులో "మనిషి కనపడతాండాడు గానీ ఎవురో తెలీడంల్యా" అని చెప్పింది. మొత్తం చీకటి పడేలోగా కూతురి ముఖం ఒక్కసారి చూడాలన్నది ఆవిడ ఆశ. హసీనాకు కావలసిందీ అంతే. వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఆ రెండో క్యాసెట్టు తిరుపాలు కూడా విన్నాడు. వారం తిరక్కుండా పదం కట్టాడు.

*ఘర్రాఫా వీధిలోన అబూ నాసరు ఇంట*
*గడప దాటనీరమ్మ రాయచోటి హసీనను*

రసూల్ పాడటానికి ముందు జంకాడు.

"అన్నా, ఆ అరబ్బాయన పేరు తీసెయ్. నీ పేరు గూడా వద్దు. నా మాటిను."

"తెలుగు పదం వాళ్లకేం అర్థమైతాదిరా? పేర్లు లేకుంటే అది పదమే కాదు. పాడు."

తిరుపాలు లెక్క సగం వరకు సరైనదే. ఆ వీధిలో తెలుగు వచ్చిన అరబ్బు ఒక్కడూ లేడు. కానీ పేరు ఏ భాషలో పాడినా పేరే కదా! అంత పాటలు కట్టినవాడికి ఆ చిన్న సంగతి తట్టలేదు.

క్యాసెట్టు చేతులు మారింది. అబూ నాసర్ తమ్ముడి దగ్గర పనిచేసే మదనపల్లె ఇక్బాల్, యజమాని కోసం ఎదురుచూస్తూ కారులో ఆ పాట పెట్టుకున్నాడు. తమ్ముడు వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. తెలియని భాషలో తన అన్న పేరు ఒకసారి వినిపించింది. మళ్లీ వినిపించింది. చెయ్యి చాపి క్యాసెట్టు తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇక్బాల్ పాలిపోయిన ముఖంతో వచ్చాడు. "అన్నా, సాయంత్రం దాన్ని మీ బాబాకు ఇస్తాండారు. కడ దాంకా ఇనలేదు వాళ్లు. నీ పేరు ఇంకా తెలీదు."

ఆ పగలు తిరుపాలు ఎలా గడిపాడో ఆయనకే తెలియాలి. రోజూ పోయే బజారుకు తోవ తప్పాడు. ఎర్ర లైటు దగ్గర ముందు కారును గుద్దబోయాడు, వెనక నుంచి ఇంటావిడ తిట్టిపోసింది. వీసా క్యాన్సిల్ చేస్తే మళ్లీ ఈ దేశం గడప తొక్కనివ్వరు. అది కాక పోలీసులు ఉన్నారు. ఊళ్లో ఉన్న భార్య ఆంజనమ్మకు ఏమని చెప్పాలి? పదం కట్టి పని పోగొట్టుకున్నానని చెబితే నవ్వుతుందా, ఏడుస్తుందా? మధ్యాహ్నం వంటింటి కిటికీ దగ్గరికి వెళ్లి, హసీనా కళ్లలోకి చూడకుండా అడిగాడు.

"మ్మే హసీనా, వాళ్లు నిన్నడిగితే అమ్మను తలుసుకునే పాటని చెప్పు. నా పేరు రానీకు."

హసీనా గిన్నె తోముతూనే ఉంది. "సరే అన్నా" అంది.

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని ఆయన అనుకోలేదు. సిగ్గేసింది, అయినా ప్రాణం కుదుటపడింది.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక అబూ నాసర్ పెరట్లోకి వచ్చాడు. కారు తలుపులు తెరిపించి, తిరుపాలును డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, తను పక్క సీట్లో కూర్చున్నాడు. హసీనాకు అరబీ బాగా వచ్చు గనక ఆమెను తలుపు దగ్గర నిలబెట్టాడు. ఆయన అరిచే మనిషి కాదు. అరిస్తే బాగుండునని తిరుపాలుకు అనిపించింది. జపమాల లాంటి తస్బీ పూసలు తిప్పుతూ, క్యాసెట్టు అందించి "పెట్టు" అన్నాడు.

రసూల్ గొంతు పెరడంతా నిండింది. మొదటి చరణంలోనే పేరు వచ్చింది.

"ఏమంటున్నాడు?" అని అరబీలో అడిగాడు అబూ నాసర్.

"అమ్మను తలుచుకునే పాట బాబా" అంది హసీనా నేల చూస్తూ.

"మరి నా పేరెందుకు?"

"మీ ఇంట్లో నన్ను బాగా చూసుకుంటున్నారని. దేవుడు మీకు మేలు చేయాలని."

తిరుపాలు చెమట తుడుచుకోవడానికి కూడా భయపడ్డాడు. రెండో చరణం అయిపోయింది, మూడోది మొదలైంది. ఆ తర్వాతది చివరిది. గాలివీటి తిరుపాలు అనే మాట అందులో ఉంది, దాన్ని అర్థం చేసుకోవడానికి ఎవరికీ తెలుగు రానక్కర్లేదు.

అబూ నాసర్ ముఖం తేటపడింది. తస్బీ జేబులో పెట్టుకున్నాడు. "అంటే నువ్వు సుఖంగానే ఉన్నావన్నమాట. సుఖంగా ఉన్నదానికి ఊరికి తొందరేముంది? రంజాన్ తర్వాత చూద్దాం" అని హసీనాతో అని, తిరుపాలు వైపు తిరిగాడు. "చాలు, ఆపెయ్."

తిరుపాలు వేలు బటను మీద ఉంది. నొక్కితే ఆయన బతికిపోతాడు.

"ఆపెయ్యన్నా" అంది హసీనా తెలుగులో. గొంతు వణకలేదు. ఆ వణకకపోవడమే ఆయన్ను కోసేసింది. తను అడిగిన అబద్ధానికి ఆ పిల్ల, తల్లి కళ్లు పణంగా పెడుతోంది.

వేలు వెనక్కి తీసుకున్నాడు.

"లా, కాదు బాబా. ఆమె చెప్పింది నిజం కాదు. ఇది నేను కట్టిన పాట. చివరిది వినండి, నా పేరుంది."

*కన్నతల్లి కన్నుల్లో చూపారిపోకముందె*
*కూతురిని పంపమని గాలివీటి తిరుపాలు*
*కట్టినాడు ఈ పదము, కనికరించు నాసరయ్యా*

వచ్చీరాని అరబీలో ఒక్కొక్క మాటా చెప్పాడు. అమ్మ. కళ్లు. చీకటి. పంపించు. హసీనా చున్నీ నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది.

టేపు ఆగిపోయింది. అబూ నాసర్ తస్బీ మళ్లీ బయటికి తీశాడు.

"ఇది ఎంతమంది దగ్గర ఉంది?"

"చాలామంది దగ్గర బాబా. దుఖాన్ దాకా పోయింది."

"నా పేరుతోనే?"

"అవును బాబా."

అబూ నాసర్ చెయ్యి చాపాడు. తిరుపాలు కారు తాళాలు ఆ చేతిలో పెట్టాడు.

పోలీసులు రాలేదు. వారం లోపల రెండు టిక్కెట్లు వచ్చాయి. ఇద్దరి వీసాలూ క్యాన్సిల్. అబూ నాసర్ మనసు కరిగిందో, పరువు గుర్తొచ్చిందో తిరుపాలు ఎప్పటికీ తేల్చుకోలేకపోయాడు. వెళ్లే ముందు శుక్రవారం తోటకు పోనివ్వలేదు. రసూల్ ఎయిర్‌పోర్టుకు వచ్చి, చెయ్యి పట్టుకుని ఏడ్చి వెళ్లాడు.

బొంబాయిలో దిగి, రైలెక్కి, బస్సెక్కి రాయచోటి చేరారు. షమ్సున్నీసా వాకిట్లో కూర్చుని తడుముకుంటూ చింతపండులో గింజలు తీస్తోంది. హసీనా ఎదురుగా వెళ్లి నిలబడింది. నోరు తెరవలేదు. తల్లి చూపును పరీక్షిద్దామనుకుందో ఏమో.

ముసలావిడ తల ఎత్తింది. "ఎవురు?"

 ఆలస్యమైపోయింది అనుకున్నాడు తిరుపాలు.

హసీనా మోకాళ్ల మీద కూలబడింది. ముసలావిడ ఆమె గడ్డం పట్టుకుని తన ముఖానికి ఆనించుకున్నంత దగ్గరగా లాక్కుంది. వెలుతురు వైపు తిప్పింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. "నా బిడ్డే" అని ఒక్క అరుపు అరిచి, రెండు చేతులూ పట్టుకుని ముద్దులు పెట్టసాగింది. పెడుతూ పెడుతూ ఆగి, ఒక చేతి మీది చొక్కా పైకి తోసి, ఆ చేతిని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది.

"ఈ మచ్చేందే? ఇస్త్రీ పెట్టె మొన మాదిరుండాదే?"

"కనపడతాండాదామా నీకు?" హసీనా ఏడుస్తూ నవ్వింది.

"కనపడక? ఎవురే నిన్ను కాల్చింది?"

హసీనా గబుక్కున చొక్కా చెయ్యి కిందికి లాక్కుంది. తిరుపాలు ఆ ఇంట్లోనే అన్నేళ్లు అన్నం తిన్నాడు. ఆ కిటికీ దగ్గరే నిలబడి ఆమె కష్టమంతా విన్నాననుకుని పదం కట్టాడు. ఆ మచ్చను ఆయన కూడా అప్పుడే చూశాడు.