అనిమేలో తీసేసిన మాటలు

మా పెద్దమ్మ కూతురు తల దించుకుందంటే ఒళ్లు మండుతోందని అర్థం. అందరూ సిగ్గనుకుంటారు. చిన్నప్పటినుంచీ అక్కది అదే తీరు. కోపం పెరిగేకొద్దీ గొంతు లోపలికి పోతుంది. ఆ లోపలి మాటలు మేమిద్దరమే ఉన్నప్పుడు నా చెవిన పడతాయి.

మేము పనిచేసేది పుస్తకాలు అద్దెకిచ్చే దుకాణంలో. ఎక్కువగా మాంగాలు, అంటే జపాన్ బొమ్మల కథలు. చిరిగి వచ్చినవాటిని బాగుచేయడం అక్క పని. ఊడిన పేజీలకు బ్రష్‌తో సన్నగా జిగురు పూసి, సరిచేసి, ఇటుకల కింద పెడుతుంది. అతికించే ముందు ఆ కథ చదివేస్తుంది. నేను అట్టలు వేస్తాను.

పక్క దుకాణంలో ఫోన్లు రిపేరు చేసే అతను ఉండేవాడు. ఎండైనా వానైనా మేము తలుపులు మూసే వేళకి గొడుగు పట్టుకుని గుమ్మం ఎదురుగా నిలబడేవాడు. అందుకే మేము పెట్టిన పేరు గొడుగు.

"నేనున్నాను కదండీ, తడవకుండా వెళ్దాం," అనేవాడు, ఆకాశంలో మబ్బుతునకైనా లేనప్పుడు. అక్క తల దించుకుని నడిచేది. అతను మురిసిపోయేవాడు.

"కరెంటు స్తంభమైనా ఎప్పుడో ఒకప్పుడు పడిపోతుంది. వీడు పడడు," అనేది అక్క, సందు తిరిగాక.

ఈ గొడుగు వేషం ఎక్కడిదో నాకు తెలుసు. ఆ ఏడాది అందరి ఫోన్లలో తిరిగిన ఒక అనిమేలోది, అంటే మాంగాని టీవీ కోసం కదిలే బొమ్మలుగా తీసినదాంట్లోది. అందులో కుర్రాడు బస్‌స్టాపులో ఇలాగే నిలబడతాడు. అమ్మాయి తల దించుకుంటుంది, పియానో మోగుతుంది, పూలరేకులు రాలతాయి, కథ అయిపోతుంది. అసలు మాంగాలోనూ ఆ బొమ్మ ఉంది. కానీ అక్కడ ఆమె తల పక్కన మబ్బులాంటి గీతలో ఆమె మనసులో మాట రాసి ఉంటుంది: 'ఈరోజైనా రాకుండా ఉంటే బాగుండేది.' ఆమె వేరే బస్సు ఎక్కడం మొదలుపెడుతుంది. వద్దని మొహం మీదే చెబుతుంది. అతను రావడం మానేశాక, కథ ఎన్నో భాగాలు నడిచాక, ఆమే వెళ్లి పలకరిస్తుంది. ప్రేమ మొదలయ్యేది అక్కడ. అనిమే తీసినవాళ్లు ఆమె మాటలన్నీ పీకేసి పియానో పెట్టారు. దొంగపని.

ఒకరోజు ధైర్యం చేసి ఆ పుస్తకం పక్క దుకాణంలో అతని బల్ల మీద పెట్టి వచ్చేశాను. మర్నాడు తిరిగి తెచ్చాడు.

"ఇది గీసినవాళ్లకి ప్రేమంటే తెలీదు చెల్లెమ్మా. టీవీవాళ్లు బాగుచేశారు," అన్నాడు.

అట్ట మీద టీ కప్పు మరక. అక్క దాన్ని తుడుస్తూ తల మరింత కిందికి దించింది. చూశావా అన్నట్టు అతను నావైపు కళ్లెగరేశాడు.

ఆ ఆదివారం తల్లిని వెంటబెట్టుకుని ఇంటికే వచ్చాడు.

"మీ అమ్మాయికి ఇష్టమేనండీ. నోటితో చెప్పలేదంతే," అన్నాడు పెద్దమ్మతో. పెళ్లి ఏ నెలలో పెట్టుకుందామని అతని తల్లి అడిగింది.

పెద్దమ్మ మొహం వెలిగిపోయింది. "మా పిల్లకి సిగ్గెక్కువండీ," అంది.

అక్క తల దించుకునే కూర్చుంది. పెద్దమ్మ ఒకసారి సరేనంటే ఇక వెనక్కి తీసుకునే మనిషి కాదు. నేనైనా చెబుదామని ముందుకు జరిగాను. పెద్దమ్మ నోరు తెరవబోయింది. అక్క తలెత్తింది.

"నాకు నువ్వంటే అసహ్యం." గొంతు బొంగురుగా, గోడలకు తగిలేంత పెద్దగా వచ్చింది. "ఆ గొడుగు చూస్తే ఒళ్లు మండుతుంది. నీ పీడకి పనే మానేద్దామనుకున్నాను. ఇష్టమేనా అని ఒక్కసారైనా అడిగావా?"

"మరి రోజూ తల దించుకునేవారు కదండీ..."

"నీ మొహం చూడలేక!"

అతని తల్లి విసురుగా లేచింది. "ఇంత నోటిదురుసా! బతికిపోయాం, పదరా," అంటూ కొడుకుని రెక్క పట్టుకుని లాక్కుపోయింది. తలుపు దడాలున పడింది. పెద్దమ్మ అక్క మీద విరుచుకుపడింది.

"ఇన్నాళ్లూ ఈ నోరు ఎక్కడ పెట్టుకున్నావే?"

"ఇక్కడే ఉంది. అడిగిందెవరు?"